డైమండ్ బ్లేడు కోయడం లేదా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

నిన్నటిదాకా గ్రానైట్‌ను చకచకా కోసిన బ్లేడు ఇవాళ టైల్ మీద పెడితే పొగ తప్ప గీత పడదు. కొత్తగా కొన్న బ్లేడుతో రెండు టైల్స్ కోసేసరికి అంచులన్నీ పెచ్చులు ఊడతాయి. గోడకు గాడి కొడుతుంటే మిషను చేతుల్లో వణికిపోతుంది. ఇలాంటప్పుడు చాలామంది రెండే పనులు చేస్తారు. మిషన్ను ఇంకా గట్టిగా నొక్కుతారు, లేదా "ఇది డూప్లికేట్ బ్లేడు" అని పక్కన పడేసి షాపుకి వెళ్తారు. మొదటిది ప్రమాదం. రెండోది చాలాసార్లు దండగ ఖర్చు, ఎందుకంటే తప్పు బ్లేడులో లేకపోతే కొత్త బ్లేడుకీ రేపు అదే గతి పడుతుంది.

బ్లేడుకి ఏ ఇబ్బంది వచ్చినా దాని ఆనవాలు పళ్ళ మీదో, మధ్యలో ఉండే ఇనుప రేకు మీదో కనిపిస్తుంది. ఆ ఆనవాలు చదవడం నేర్చుకుంటే సగం సమస్యలు పని దగ్గరే తీరిపోతాయి. ఇది ముఖ్యంగా 4, 5 అంగుళాల మార్బుల్ కట్టర్, గ్రైండర్ వాడేవాళ్ళ కోసం: టైల్స్ మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ఇల్లు కట్టించుకుంటూ పని దగ్గర నిలబడే యజమానులు.

ముందు ప్లగ్గు తీసి బ్లేడును చూడండి

స్విచ్ ఆపితే చాలదు, బోర్డు నుంచి ప్లగ్గు ఊడదీయండి. బ్లేడు పూర్తిగా ఆగి, చల్లారాక విప్పండి. తడిగుడ్డతో బురద తుడిచి వెలుతురులో పట్టుకోండి.

మొదట పళ్ళ మధ్య ఉన్న ఖాళీల అడుగు చూడండి. రేకులో వెంట్రుకంత పగులు వస్తే ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. తరవాత పళ్ళు లెక్కపెట్టండి. ఒక్కటి ఊడినా ఆ బ్లేడు పని అయిపోయినట్టే, ఇక దాన్ని మిషన్‌కి ఎక్కించకూడదు. రేకు మీద నీలం రంగు మచ్చలుంటే అది బాగా వేడెక్కిందని అర్థం. పళ్ళ కింద రేకు పలచబడిందేమో వేలితో తడిమి చూడండి. మధ్య రంధ్రం గుండ్రంగా ఉందా, ఒకవైపు సాగిందా అన్నది కూడా గమనించండి.

ఇంకో పరీక్ష ఉంది. బ్లేడును ఒక వేలికి తగిలించి, స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో రేకు మీద మెల్లగా తట్టండి. ఖంగుమని మోగితే మంచిదే. డబ్బుమని చచ్చుగా వినిపిస్తే కంటికి కనిపించని పగులు ఉండే అవకాశం ఉంది, వాడకండి. శబ్దం రాకుండా రెండు రేకుల మధ్య వేరే పొర పెట్టి చేసే బ్లేడ్లకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు.

ఈ బ్లేడు కోయదు, అరగదీస్తుంది

తరవాత చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. కొయ్య కోసే రంపానికి పదునైన పళ్ళుంటాయి. డైమండ్ బ్లేడుకి పదునైన అంచే ఉండదు. దాని పన్ను అంటే లోహపు పొడిలో ఫ్యాక్టరీలో తయారైన వజ్రపు రవ్వలు కలిపి, వేడితో ఒత్తిడితో గట్టిపరచిన ముక్క. ఆ రవ్వలు బయటికి పొడుచుకొచ్చి రాయిని గీకుతాయి. గీకగా గీకగా రవ్వ అరిగి, విరిగి రాలిపోతుంది. ఈలోగా దాని చుట్టూ ఉన్న లోహం కూడా అరిగితే లోపలున్న కొత్త రవ్వ బయటపడుతుంది. పెన్సిల్ ముక్కు బయటికి రావాలంటే చెక్క కొంచెం చెక్కాల్సిందే కదా, ఇదీ అంతే.

మరి ఆ లోహాన్ని అరగదీసేది ఎవరు? మీరు కోసే రాయే. దాని నుంచి వచ్చే గరుకు పొడే లోహాన్ని మెల్లగా తినేస్తుంది. అందుకే చూడటానికి తలకిందులుగా ఉండే ఒక సూత్రం ఈ పనిలో చెల్లుతుంది: గట్టి రాయికి మెత్తటి లోహం ఉన్న బ్లేడు, మెత్తటి గరుకు సరుకుకి గట్టి లోహం ఉన్న బ్లేడు. విట్రిఫైడ్ టైల్, గట్టి గ్రానైట్ కోసినప్పుడు వచ్చే పొడి సన్నగా ఉంటుంది, లోహాన్ని పెద్దగా అరగదీయదు. కాబట్టి లోహం మెత్తగా ఉండాలి. ఇటుక, సిమెంటు ప్లాస్టరు, పచ్చి కాంక్రీటు ఇసుకను వెదజల్లుతాయి. మెత్తటి లోహాన్ని అవి చూస్తుండగానే తినేస్తాయి. అక్కడ లోహం గట్టిగా ఉండాలి.

రెండు చోట్లా ఒకే బ్లేడు వాడితే ఏదో ఒకచోట ఇబ్బంది తప్పదు. షాపువాళ్ళు "అన్నింటికీ పనికొస్తుంది" అని ఇచ్చేది మధ్యరకం. చిన్న పనికి ఫర్వాలేదు. రోజంతా టైల్ కోసేవాళ్ళు, రోజంతా గోడ కోసేవాళ్ళు వేరువేరు బ్లేడ్లు పెట్టుకోవడమే మేలు.

బ్లేడు జారుతోంది, కోయడం లేదు

అందరికీ ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. బ్లేడు అంచు మీద వేలు పెట్టి రుద్దండి, మిషన్ ప్లగ్గు తీసే ఉండాలి సుమా. గరుకుగా తగిలితే రవ్వలు బయట ఉన్నట్టు. నున్నగా జారితే లోహం రవ్వల్ని కప్పేసింది, బ్లేడు మొద్దుబారింది. ఫోన్ కెమెరాతో దగ్గరగా జూమ్ చేస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బాగా కోసే పన్ను మీద చిన్నచిన్న మెరిసే గింజలుంటాయి (అవే వజ్రపు రవ్వలు), ఒక్కో గింజ వెనకాల లోహం సన్నని తోకలాగా మిగిలి ఉంటుంది. ఆ తోకే గింజకి వెనక నుంచి ఆసరా. మొద్దుబారిన పన్ను మీద గింజలూ తోకలూ కనిపించవు, నిగనిగలాడే లోహమే కనిపిస్తుంది. గింజలు లేక ఖాళీ గుంటలు మాత్రమే ఉంటే కథ వేరు: రవ్వలు అరగకముందే ఊడిపోతున్నాయి. అంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు, లేదా ఆ రాయికి ఈ బ్లేడు మరీ మెత్తన.

మొద్దుబారిన బ్లేడుకి పదును ఇలా తెప్పించండి.

గరుకుగా, మెత్తగా ఉండే సరుకు ఒకటి తెచ్చుకోండి. ఇసుకరాయి ముక్క, ఇసుక పాలు ఎక్కువున్న సిమెంటు ఇటుక, పాత సానచక్రం ముక్క, ఏదైనా సరే. ఏదీ దొరక్కపోతే మామూలు ఎర్ర ఇటుకైనా కొంత పని చేస్తుంది. చేత్తో పట్టుకోవద్దు, కదలకుండా బిగించండి. మిషన్ పూర్తి వేగం అందుకున్నాక 5 నుంచి 10 మిల్లీమీటర్ల లోతుతో, ఏమాత్రం నొక్కకుండా, నాలుగైదు గాట్లు పెట్టండి. తడి బ్లేడైతే నీళ్ళు పోస్తూనే చేయండి. ఆపి, ప్లగ్గు తీసి, వేలితో మళ్ళీ చూడండి. గరుకు వచ్చిందంటే చాలు, ఎక్కువ చేస్తే బ్లేడు ఆయుష్షు మీరే తగ్గించినట్టు.

పదును వచ్చి, మళ్ళీ రెండు టైల్స్‌కే మొద్దుబారితే మాత్రం కారణం వేరే ఉంది. ఒక్కొక్కటీ చూసుకుంటూ రండి.

బ్లేడు తిరగేసి బిగించారేమో చూడండి. రేకు మీద బాణం గుర్తు ఉంటుంది, మిషన్ మీదా ఉంటుంది. రెండూ ఒకే దిక్కుకి ఉండాలి. తిరగేస్తే తోక ముందుకీ గింజ వెనక్కీ వెళ్తాయి, ఆసరా లేని గింజ రాలిపోతుంది. బాణం చెరిగిపోతే కెమెరాలో తోకలు చూడండి: తిరిగేటప్పుడు గింజ ముందు, తోక వెనక రావాలి. ఒకసారి వాడిన బ్లేడును మళ్ళీ ఎక్కించినప్పుడల్లా పాత దిక్కుకే ఎక్కించాలి.

కరెంటు సంగతి చూడండి. కట్టుబడి నడిచే చోట సన్నటి వైరుతో పొడుగాటి ఎక్స్‌టెన్షన్ లాగుతారు, దానికే మిక్సరూ మోటారూ తగిలిస్తారు. వోల్టేజీ పడిపోతే మిషన్ ఖాళీగా బాగానే తిరిగినట్టు అనిపిస్తుంది, రాయి మీద పెట్టగానే నీరసించిపోతుంది. వేగం తగ్గితే బ్లేడు ఒక్కో తిప్పుకి ఎక్కువ రాయి కోయాల్సి వస్తుంది, గింజలు రాలతాయి, మోటారూ వేడెక్కుతుంది. మిషన్ను ఇంటి మెయిన్ దగ్గరి ప్లగ్గులో పెట్టి ఒకసారి కోసి చూడండి. తేడా తెలిస్తే తప్పు వైరుదే.

ఇనుప కడ్డీ తగిలిందేమో చూడండి. కాంక్రీటులో ఉన్న స్టీలును కోస్తే ఇనుము పళ్ళ మీద పూతలా అంటుకుని గింజల్ని మూసేస్తుంది. పదును తెప్పిస్తే అది పోతుంది. అయితే ఎలక్ట్రీషియన్లకి, ప్లంబర్లకి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పిల్లర్‌లోనో బీమ్‌లోనో గాడి కొడుతుంటే కడ్డీ తగిలిందంటే బ్లేడు గురించి ఆలోచించడం ఆపి, పని ఆపండి. పైపు దారి మార్చుకోవచ్చు, కోసేసిన కడ్డీని మళ్ళీ అతికించలేరు. ఇంటి యజమాని ఒప్పుకున్నా ఇంజినీరుని అడక్కుండా ముందుకెళ్ళకండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయంటే ఆ రాయికి ఈ బ్లేడు లోహం గట్టిది. గ్రానైట్‌కి, విట్రిఫైడ్‌కి అని రాసి ఉన్న బ్లేడు తెచ్చుకోండి.

బ్లేడు తొందరగా అరిగిపోతోంది

ఇది పైదానికి పూర్తిగా ఎదురు. కోత బ్రహ్మాండంగా ఉంటుంది, బ్లేడు మాత్రం వారం తిరక్కుండా చిన్నదైపోతుంది. టైల్ బ్లేడుతో ఇటుక గోడ కోస్తే జరిగేది ఇదే. ప్లాస్టరు, సిమెంటు ఇటుక, వేసి ఎన్నాళ్ళో కాని కాంక్రీటు, ఇసుక మీద పరిచిన పాత బండలు, అన్నీ బ్లేడును తినేసేవే. గోడ పనికి పళ్ళు విడివిడిగా ఉన్న బ్లేడు, కాంక్రీటు, ఇటుక అని రాసి ఉన్నది తీసుకోండి.

అరుగుదల ఒకవైపే ఉందా? చుట్టుకొలతలో సగం పళ్ళు ఎత్తుగా, సగం పొట్టిగా ఉంటే బ్లేడు కేంద్రం తప్పి తిరుగుతోంది. మిషన్ షాఫ్టు కన్నా బ్లేడు రంధ్రం పెద్దదై ఉంటుంది. మార్బుల్ కట్టర్‌కి సాధారణంగా 20 మిల్లీమీటర్ల రంధ్రం, 4 అంగుళాల గ్రైండర్‌కి 16. పెద్ద రంధ్రమున్న బ్లేడును బుష్ (రంధ్రాన్ని షాఫ్టు సైజుకి తగ్గించే రింగు) లేకుండా గ్రైండర్‌కి ఎక్కిస్తే అది ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. కాగితమో వైరు ముక్కో చుట్టి సరిపెట్టకండి, ఆ కొలతకి చేసిన బుష్ పది నిమిషాల్లో హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. రంధ్రం సరిగ్గా ఉండి కూడా ఇలాగే అరిగితే బేరింగు పోయింది. షాఫ్టును చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, కదిలితే మిషన్‌ను మెకానిక్‌కి ఇవ్వండి.

పళ్ళు బాగానే ఉండి వాటి కింద రేకు పలచబడుతుంటే అది మరీ ప్రమాదం. కోత లోతు పైన ఉన్న రాయిని దాటి కింద ఇసుకలోకో వదులు మట్టిలోకో దిగుతోందని దాని అర్థం. ఆ గరుకు బురద పళ్ళ పక్కగా పారుతూ రేకును కోసేస్తుంది, చివరికి పన్ను మొదలంటా తెగి ఎగిరిపోతుంది. పాత ఫ్లోరింగ్ తీసేటప్పుడు, తాండూరు బండలు, షాబాదు బండలు ఇసుక మీద పరిచిన చోట, ఇది ఎక్కువ. బండ మందం కొలిచి మిషన్ లోతు అంతకే బిగించండి. నీళ్ళు ఎక్కువ పోసి బురదను కడుగుతూ ఉండండి.

వేడి

వజ్రం ఎంత గట్టిదైనా వేడికి తట్టుకోదు. గాలిలో 700 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి అది పాడవడం మొదలవుతుంది. పన్నును రేకుకి వెండి టాకాతో అతికించిన బ్లేడైతే ఆ అతుకూ వేడికి కరిగిపోవచ్చు. అలాంటి బ్లేడ్లను నీళ్ళతోనే వాడాలి. లేజర్‌తో అతికించినవి పొడిగా వాడేందుకు తట్టుకుంటాయి. బ్లేడు మీద "వెట్" అని ఉందా "డ్రై" అని ఉందా చదవండి. డ్రై బ్లేడుకి నీళ్ళు పోస్తే మేలే, వెట్ బ్లేడును పొడిగా వాడితే మాత్రం పళ్ళు ఊడి ముఖం మీదికి రావచ్చు.

పొడిగా కోసేటప్పుడు 20, 30 సెకన్లకోసారి మిషన్ పైకెత్తి 10 సెకన్లు ఖాళీగా తిప్పండి, గాలికి బ్లేడు చల్లబడుతుంది. ఒకే దెబ్బలో పూర్తి లోతు దింపకండి, రెండు మూడు వరసల్లో దిగండి. పొగలు కక్కుతున్న బ్లేడు మీద ఉన్నట్టుండి నీళ్ళు గుమ్మరించడం, బకెట్లో ముంచడం కొందరికి అలవాటు. రేకు వంకరపోతుంది, పగలనూ వచ్చు. దానంతటదే చల్లారనివ్వండి.

నీళ్ళ పద్ధతి మనవాళ్ళందరికీ తెలిసిందే, మూతకి చిల్లి పెట్టిన వాటర్ బాటిల్‌తో పక్క మనిషి పోస్తుంటాడు. సన్నటి ధార బ్లేడు రాయిలోకి దిగేచోట పడాలి, మోటారు గాలి రంధ్రాల వైపు కాదు. నీళ్ళ గొట్టం ఉన్న మార్బుల్ కట్టర్ అయితే గొట్టం పూడుకుపోలేదని ముందే చూసుకోండి. నీళ్ళు సరిపోయాయా లేదా అన్నది బురదను చూస్తే తెలుస్తుంది. పల్చగా పారాలి. ముద్దగా గడ్డకడుతుంటే చాలడం లేదు.

నీళ్ళూ కరెంటూ ఒకేచోట ఉన్న పని ఇది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టండి, వైరుకి మధ్యలో అతుకులు ఉండకూడదు. చెప్పులు లేకుండా తడి నేల మీద నిలబడి కోసేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తున్నారు. మీ ఇంట్లో పని జరుగుతుంటే ఈ ఒక్క విషయంలో మొహమాటపడకుండా పని ఆపించండి.

టైల్ అంచులు పెచ్చులు ఊడుతున్నాయి

ఇక్కడ తప్పు బ్లేడుది సగం, పద్ధతిది సగం.

బ్లేడు సంగతి ముందు. పళ్ళ మధ్య ఖాళీలున్న బ్లేడు ప్రతి ఖాళీ దగ్గరా టైల్‌ని ఒక దెబ్బ కొడుతుంది. టైల్స్‌కి అంచు తెగకుండా చుట్టూ ఒకటిగా ఉండే బ్లేడు కావాలి. లేదా అంచు మీద సన్నటి అల్లిక గీతలుండే పలచటి టర్బో బ్లేడు. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చేది 0.5 శాతం లోపే, లోపలంతా గట్టిగా కుదించి ఉంటుంది, అందుకే దాని అంచు గాజు పెచ్చులా లేస్తుంది. మొద్దుబారిన బ్లేడు పెచ్చులు ఇంకా పెంచుతుంది. ముఖ్యమైన కోతకి ముందు ఓ రెండు గాట్లు ఇటుక మీద పెట్టి మొదలుపెట్టండి.

ఇక పద్ధతి. చేత్తో నడిపే మార్బుల్ కట్టర్‌లో బ్లేడు ముందువైపు కింద నుంచి పైకి లేస్తూ కోస్తుంది. అంటే గింజలు టైల్ పైముఖం నుంచి బయటికి వస్తాయి, పెచ్చులూ అక్కడే లేస్తాయి. అందుకే చాలామంది మేస్త్రీలు నేరుగా ఒకే కోత అయితే టైల్‌ని బోర్లించి వెనక నుంచి కోస్తారు. అది మంచి పద్ధతే. టేబుల్ మీద బిగించి ఉండే తడి కట్టర్‌లో ఇది తలకిందులు, బ్లేడు పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి మెరుగు ముఖం పైకే ఉండాలి. మీ మిషన్ ఏదో చూసుకుని టైల్ పెట్టండి.

పైముఖం మీదే కోయాల్సి వస్తే ఇలా చేయండి. టైల్ కింద మొత్తం ఆసరా ఉండాలి. రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో కోస్తే చివర్లో దాని బరువుకే విరిగిపోతుంది. సమంగా ఉన్న ప్లైవుడ్ మీద థర్మకోల్ షీటు వేసి దాని మీద పెట్టుకోవచ్చు. గీత మీద మాస్కింగ్ టేప్ అంటించి దాని మీద పెన్సిల్‌తో గీయండి. అల్యూమినియం పట్టీ ఆనించి క్లాంపులు బిగించండి. మొదటి వరస 1, 2 మిల్లీమీటర్ల లోతు మాత్రమే. అంత తక్కువ లోతులో బ్లేడు టైల్‌ని పైకి లేపదు, గీకుతుంది అంతే, కాబట్టి గీత శుభ్రంగా వస్తుంది. రెండో వరసలో అదే గాడిలో పూర్తి లోతు దిగండి. చివర రెండు మూడు అంగుళాలు మిగిలినప్పుడు ఆపి, అవతలి కొస నుంచి ఎదురుగా కోసుకు రండి. అక్కడే మూల విరిగేది.

మిషన్ను ముందుకే నడపండి. వెనక్కి లాగుతూ కోస్తే గీత నున్నగా వస్తుందని కొందరు చేస్తారు గానీ, బ్లేడు పట్టుకుందంటే మిషన్ నేరుగా మీ మీదికి పరుగెత్తుతుంది.

ఎల్ ఆకారం కోత, బాత్రూంలో ట్రాప్ చుట్టూ, గుమ్మం మూల దగ్గర, చాలా టైల్స్ పగిలేది వీటిలోనే. లోపలి మూల దగ్గర ముందుగా 6 లేక 8 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. సూటి మూల నుంచి పగులు పుడుతుంది, గుండ్రటి రంధ్రం దాన్ని ఆపుతుంది. తరవాత రెండు వైపుల నుంచీ ఆ రంధ్రం దాకా కోసుకు రండి. బ్లేడు గుండ్రంగా ఉంటుంది కాబట్టి పైన గీత మూలకి చేరినా అడుగున ఇంకా కొంత మిగిలే ఉంటుంది. ఆ మిగిలింది పైనుంచి ముందుకి తోసి కోస్తే ముఖం మీద గాటు పడిపోతుంది, టైల్ అతికించాక జీవితాంతం కనిపిస్తుంది. టైల్‌ని తిప్పి, ఆ మిగిలిన భాగం వెనక నుంచి కోయండి. అక్కడ గాటు నాలుగు మిల్లీమీటర్లు దాటినా ఎవరికీ కనిపించదు.

వణుకు, వంకర కోత

వణుకు మొదలైతే వెంటనే ఆపండి. బ్లేడుకి రెండు పక్కలా ఉండే ఫ్లాంజులు (బ్లేడును పట్టి ఉంచే బిళ్ళలు) విప్పి శుభ్రం చేయండి. ఎండిన సిమెంటు బురద చిన్న పెళ్ళ ఉన్నా బ్లేడు ఒరిగి తిరుగుతుంది. రెండు ఫ్లాంజులూ ఒకే సైజు ఉండాలి, వంకరపోకూడదు. వేరే మిషన్‌వి తెచ్చి పెట్టకండి. బిగించాక బ్లేడును చేత్తో మెల్లగా తిప్పుతూ పక్కన ఒక పెన్సిల్ కదలకుండా పట్టుకోండి. పెన్సిల్‌కీ రేకుకీ మధ్య సందు మారుతుంటే ఎంత వంకరో తెలిసిపోతుంది. శుభ్రం చేశాక కూడా మారుతుంటే ఇంకో బ్లేడు పెట్టి చూడండి. అదీ ఊగితే తప్పు షాఫ్టుది, లేకపోతే పాత బ్లేడు రేకు వంగింది.

కోత వంకరపోవడానికి ఎక్కువగా కారణం మొద్దుబారిన బ్లేడును నొక్కడమే. సరిగ్గా ఉన్న బ్లేడు మిషన్ బరువుకే దిగుతుంది, చేతులు దారి చూపిస్తే చాలు. గీత తప్పిందని మధ్యలో మిషన్ను మెలితిప్పి దారికి తేవాలని చూడకండి. ఈ బ్లేడు నేరుగా పోవడానికే, వంపు తిరగదు. బలవంతం చేస్తే పళ్ళ మొదట్లో పగులు వస్తుంది. మిషన్ ఆపి, గీత మొదటి నుంచి సన్నగా మళ్ళీ కోయండి.

దుమ్ము

గ్రానైట్‌లో క్వార్ట్జ్ (ఇది సిలికాయే) సుమారు 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఇటుక, కాంక్రీటు, టైల్ అన్నింటిలోనూ ఉంటుంది. పొడిగా కోస్తే లేచే దుమ్ములో కంటికి కనిపించనంత సన్నటి భాగం ఊపిరితిత్తుల అడుగుకి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. ఏళ్ళ తరవాత బయటపడే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకి నయం చేసే మందు లేదు. ఇప్పుడు కిచెన్ ప్లాట్‌ఫారాలకి వేస్తున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం పైన ఉంటుంది. వాటిని కోసి, మెరుగుపెట్టిన కార్మికులు చిన్న వయసులోనే జబ్బు పడుతుండటంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకల్ని నిషేధించింది. అలాంటి పలకను ఇంట్లో పొడిగా కోయనివ్వకండి, కొలతలిచ్చి బయట నీళ్ళతో కోయించి తెప్పించుకోండి.

మొహానికి కట్టుకున్న తువ్వాలు ఈ దుమ్మును ఆపలేదు. ముక్కుకి బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు కావాలి, కోసే మనిషికే కాదు, పక్కన నీళ్ళు పోసే కుర్రాడికి కూడా. కళ్ళద్దాలు, చెవులకి ప్లగ్గులు పెట్టుకోండి. తడి బురద ఎండకముందే కడిగేయండి. ఎండితే అదే దుమ్ము చీపురుతో మళ్ళీ లేస్తుంది.

కొత్తది కొనాల్సి వస్తే

పన్ను ఊడినా, రేకు పగిలినా, వంగినా, పళ్ళ కింద రేకు పలచబడినా, పళ్ళు రేకు దాకా అరిగినా ఇక కొత్తదే. అప్పుడు షాపులో చూడాల్సింది ధర కన్నా ముందు వేగం అంకె. మామూలుగా ఈ బ్లేడ్ల అంచు వేగానికి పరిమితి సెకనుకి 80 మీటర్లు. ఆ లెక్కన 110 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి దాదాపు 13,900 తిప్పుల దాకా తట్టుకుంటుంది, 125 మిల్లీమీటర్లది, అంటే 5 అంగుళాలది, 12,200 దాకానే. మీ కట్టర్ మీద 13,000 అని ఉంటే, గార్డు (బ్లేడు మీది రక్షణ కవచం) తీసేసి 5 అంగుళాల బ్లేడు ఎక్కించడం ఎంత ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది. బ్లేడు మీద ఉన్న అంకె ఎప్పుడూ మిషన్ మీద ఉన్న అంకె కన్నా ఎక్కువ ఉండాలి. అంకే ముద్రించని బ్లేడును ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.

కొత్తది ఎక్కించాక గార్డు బిగించి, పక్కకి నిలబడి, ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. బ్లేడుకి ఎదురుగా ఎవరూ ఉండకూడదు. ఊగకుండా తిరిగితే మొదటి కొన్ని కోతలు తేలిగ్గా, తక్కువ లోతుతో వేయండి. పనయ్యాక నీళ్ళు ఆపి, పది సెకన్లు ఖాళీగా తిప్పి తడి ఆరనివ్వండి. పెట్టెలో స్పానర్ల కింద పడేయకుండా విడిగా, చదునుగా పెట్టండి. పెట్టేముందు రేకు మీద పర్మనెంట్ మార్కర్‌తో "గోడ" అనో "విట్రిఫైడ్" అనో రాసి, తిరిగే దిక్కుకి ఒక బాణం గీసి ఉంచండి.